చెప్పని మంచి కబురు

"సెలవు కాదండీ. మానేశాను."

మధ్యాహ్నం డ్యూటీ దిగి భోజనానికి ఇంటికొచ్చాడు డ్రైవరు. ఆ వేళకి లాండ్రీలో ఉండాల్సిన భార్య వంటింట్లో కనిపించేసరికి "ఇవాళ సెలవా?" అని మాటవరసకి అడిగాడు. దానికి వచ్చిన జవాబు అది. చేతులు కడుక్కుంటున్నవాడు కుళాయి కట్టడం మరిచిపోయాడు.

"మానేశావా? ఎప్పుడు?"

"నిన్నటితో ఆఖరు. ముందే కాగితం రాసిచ్చాను. ఇవాళ మీకు చెబుదామనే ఆగాను." ఆమె నవ్వుతోంది. ఆ ఇంట్లో పట్టపగలు ఎవరైనా అంత నిండుగా నవ్వి చాలాకాలమైంది. "మీరు కూడా ఇంక దాచక్కర్లేదు లెండి. నాకు ఎప్పుడో తెలుసు. గాజుగదిలో ఎప్పట్నుంచి కూర్చోబోతున్నారు?"

కుళాయి పారుతూనే ఉంది.

గాజుగది అంటే డిపోలో కంట్రోలరు కూర్చునే గది. ఏ బస్సు ఎవరు నడపాలి, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరి జీతంలో కోత పెట్టాలి, అన్నీ అక్కడే తేలుతాయి. జీతం ఎక్కువ. ఎండ తగలదు, నడుము నొప్పి ఉండదు. ఆ కుర్చీలో కూర్చోమని మేనేజరు పిలిచి మరీ అడిగాడు.

"నేను ఒప్పుకోలేదు," అన్నాడు డ్రైవరు.

"ఏంటి?"

"వద్దని చెప్పేశాను. పోయిన నెలే."

ఆమె మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఏం చెయ్యాలో తోచక కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆమే ముందుకు వంగి కుళాయి కట్టేసింది.

ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఇంత పెద్ద సంగతులు ఒకరికొకరు చెప్పుకోకుండా ఎలా ఉన్నారని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. ఈ ఇంటికి ఒక చట్టం ఉంది. మంచి కబురు చేతికి వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. చట్టం చేసింది అత్తగారు, అంటే డ్రైవరు తల్లి.

ఆవిడ భర్త బతికుండగా ఒకసారి ఇల్లు కొనబోతున్నామని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. బేరం తప్పిపోయింది. "ఏమయ్యా, కొత్తింట్లోకి ఎప్పుడు?" అని అడిగినవాళ్ళకి మొహం చూపించలేక, ఆ పెద్దమనిషి బతికినన్నాళ్ళూ వెనక సందులోంచే రాకపోకలు సాగించాడు. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో గాలి కూడా ముందుగా చెప్పి వీచలేదు. మనవరాలికి బడిలో బహుమతి వచ్చిందంటే, వస్తువు ఇంటికొచ్చి బల్ల మీద కూర్చున్నాకే సంగతి తెలిసేది. అసలు ఆ మనవరాలు పుట్టబోతున్న కబురైనా కోడలు నోటితో చెప్పలేదు, పొట్ట చెప్పింది.

చెడ్డ కబురైతే గుమ్మంలోనే చెప్పేస్తారు. కాబట్టి ఈ ఇంట్లో ఎవరైనా దేని గురించైనా నోరు మెదపడం లేదంటే, అది మంచి కబురని లెక్క.

కూరగాయల కొట్టు దగ్గర కండక్టరు భార్య "మీ ఆయన్ని గాజుగదిలో కూర్చోబెడుతున్నారటగా" అని చెవిన వేసింది. డ్రైవరు భార్య ఇంటికొచ్చి ఎదురుచూసింది. మొగుడు ఆ ఊసెత్తలేదు. పైగా ఆ వారమంతా రెండోసారి కూర వడ్డించుకుని తిన్నాడు, తల్లితో హాస్యాలాడాడు, కూతురి సైకిలుకి తనే నూనె రాశాడు. పెద్ద కుర్చీ వద్దనుకుని వచ్చిన మనిషి అంత హాయిగా ఉంటాడని ఏ పెళ్ళాం మాత్రం అనుకుంటుంది? ఖాయమైందనుకుంది. మర్నాడే లాండ్రీలో కాగితం ఇచ్చేసింది. అది కూడా మంచి కబురే కనుక, చట్టప్రకారం తనూ మొగుడికి చెప్పలేదు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

"నువ్వు మానేసేముందు నన్ను అడిగావా?"

"మీరు దాస్తున్నారనుకున్నాను."

"దాచడానికేముంది? ఏమీ జరగలేదు కాబట్టి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే ఉందిగా."

"ఉన్నట్టే ఉందా?" అని ఆమె కుడిచెయ్యి అతని ముందుకు చాపింది. "ఇది ఉన్నట్టే ఉందా?"

మణికట్టు బాగా వాచి ఉంది. బొటనవేలు లోపలికి ముడుచుకోవడం మానేసింది. ఆమె పనిచేసే లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లు వస్తాయి. వాటిని ఇస్త్రీ చేసే వేడి రోలరుకి ఇవతల ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి, తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని, ఒక్క దులుపు దులిపి ముడత పోగొట్టి లోపలికి అందించాలి. అది పోయేలోపు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. ఆ దులుపుడు ఎన్నేళ్ళుగానో ఆమె మణికట్టు మీదే పడుతోంది. ఈ మధ్య సీసా మూత తియ్యాలంటే కూతుర్ని పిలుస్తోంది. "ఈ పని మానకపోతే మందులు దండగ" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"నీ చెయ్యి సంగతి నాకు తెలీదా?" అన్నాడు డ్రైవరు.

"తెలుసు. తెలిసే వద్దన్నారు."

తెలియదని అంటే అబద్ధం. తెలుసని అంటే అంతకన్నా దారుణం. చల్లారిపోతున్న కంచం వంక చూస్తూ కూర్చున్నాడు.

"పాత కంట్రోలరు జబ్బుపడ్డప్పుడు కొన్నాళ్ళు ఆ గదిలో కూర్చున్నాను కదా," అన్నాడు చివరికి. "ఎలా అయిపోయానో నీకు గుర్తులేదా?"

ఎందుకు గుర్తులేదు. పిల్లకి జ్వరమని ఆలస్యంగా వచ్చిన స్నేహితుడికి ఆ గదిలో కూర్చునే జీతం కోశాడు. కోయకపోతే పైవాళ్ళు ఊరుకోరు. ఆ స్నేహితుడు ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి చెంచా కింద పడ్డా అరిచేవాడు. కూతురు తండ్రి చెప్పుల చప్పుడు వినగానే పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయేది.

"అక్కడ కూర్చుంటే నేను మంచివాణ్ణిగా ఉండలేను. స్టీరింగు పట్టుకున్నంతసేపూ నాకు ఏ లోటూ కనపడదు. పొద్దున్నే ఎక్కేవాళ్ళందరూ నన్ను పలకరిస్తారు. మనకేం తక్కువైందని? ఒకరి దగ్గర చెయ్యి చాపలేదు, వాయిదాల మీద ఏదీ కొనలేదు. ఉన్నదాంతో సరిపోతూనే ఉందిగా."

"సరిపోతోంది," అంది ఆమె. "ఎవరి చేతులతో సరిపోతోంది?"

అతను కంచం పక్కకి జరిపాడు.

"మీ చెప్పులు మూడోసారి కుట్టించుకుని, 'నాకింతే చాలు' అని పదిమందిలో చెప్పుకుంటారు. వాళ్ళు కూడా అబ్బా ఎంత నిదానస్తుడు అంటారు. మీ జీతం అద్దెకీ కరెంటుకీ పోతే, మిగతా ఇల్లు దేంతో నడుస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? మీ తృప్తిలో సగం నేను ఆ రోలరు దగ్గర నిలబడి సంపాదించిందే."

మాట అనేశాక ఆమెకే కష్టమనిపించింది. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండేదో. తాగొచ్చేవాడైతే, దుబారా మనిషైతే తిట్టి పోసి తేలికపడేది. ఇతనేమో ఉన్నంతలో సంతోషంగా ఉన్నాడు, అంతే. దానికి ఏమని తిడుతుంది?

అంతలో కూతురు ఒంటిపూట బడి ముగించుకుని వచ్చింది. ప్రతిదానికీ వాదిస్తుందని ఇంట్లో అందరూ పిల్లని 'లాయరు' అంటారు. గుమ్మంలో నిలబడే ఇద్దరి మొహాలూ చూసి, తినకుండా వదిలేసిన కంచం చూసి, సంచి దింపకుండానే అడిగింది.

"ఎవరిది తప్పు?"

తల్లి ముక్కలు ముక్కలుగా సంగతి చెప్పింది. లాయరు అంతా విని, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఆ కుర్చీ ఇంకా ఖాళీగా ఉందా?"

"తెలీదమ్మా."

"అమ్మా, నీ చోట్లోకి ఎవరైనా వచ్చేశారా?"

"రేపు పొద్దున వస్తుందట కొత్తమ్మాయి."

"అయితే నాన్న ఇవాళే వెళ్ళి అడగాలి," అని తీర్పు చెప్పేసి సంచి దింపింది. దాని వయసులో అన్నీ అంత తేలిక.

ముందుగదిలో మంచం మీద కూర్చుని మనవరాలి గౌను అంచు విప్పుతున్న అత్తగారు అప్పటిదాకా అన్నీ వింటూనే ఉంది. ఇప్పుడు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వాడు వద్దన్నాడని నాకు ఆ రోజే తెలుసు," అంది.

కోడలు గుమ్మం దాకా వచ్చింది. "మీకు చెప్పారా అత్తయ్యా?"

"అమ్మ అడిగితే చెప్పాను," అన్నాడు డ్రైవరు గొణుగుతూ.

"నాకు చెప్పలేదు. ఆవిడకి చెప్పారు."

"నువ్వు మానేస్తున్నానని కూడా నాకే కదమ్మా చెప్పావు," అంది ముసలావిడ. "ఆయనకి తర్వాత చెబుతాను అత్తయ్యా, మీరు అనకండి అన్నావు. అనలేదు."

ముందుగా తేరుకుంది లాయరే.

"అంటే రెండూ నీకు తెలుసా నానమ్మా? నాన్న వద్దన్నాడనీ తెలుసు, అమ్మ మానేస్తోందనీ తెలుసు. తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"ఎందుకత్తయ్యా?" కోడలు మంచం దగ్గరికొచ్చింది. "ఒక్క మాట నా చెవిన వేస్తే నేను కాగితం వెనక్కి తీసుకునేదాన్ని కదా."

"తీసుకునేదానివి. అందుకే చెప్పలేదు." ఆవిడ గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "నీ చెయ్యి పూర్తిగా పడిపోయేదాకా ఆ దుప్పట్లు లాగుతూనే ఉండేదానివి. రాత్రుళ్ళు నువ్వు చెయ్యి గోడకి ఆనించుకుని పడుకోవడం నేను చూడటం లేదనుకున్నావా? నువ్వు మానేస్తే వీడికి వేరే దారి ఉండదు, వెళ్ళి కూర్చుంటాడనుకున్నాను. నా కొడుకు సంగతి నాకు తెలుసు. హాయిగా ఉన్నచోట కూర్చున్నాడంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి. ఇంటి బేరం తప్పి కూలబడ్డ వాళ్ళ నాన్నని లేపలేకపోయాను, కనీసం వీణ్ణయినా."

కోడలు ఆ మంచం అంచునే కూలబడి ఏడ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. పుట్టిన ఇంట్లో కూడా తన చెయ్యి గురించి ఎవరూ ఇంతగా ఆలోచించలేదు. అలా ఆలోచించిన మనిషే తనని తీసుకొచ్చి నడివీధిలో నిలబెట్టింది. ఇందులో దేనికి ఏడవాలో తెలియక రెండింటికీ కలిపి ఏడ్చింది.

డ్రైవరు చొక్కా తొడుక్కున్నాడు. భోజనం చేయలేదు. "అడిగొస్తాను," అని బయల్దేరాడు.

డిపోలో సాయంత్రం బస్సులు కడుగుతున్నారు. మేనేజరు గది ముందు చాలాసేపు నిలబడి, లోపల ఫోను పెట్టేసిన చప్పుడు విని తలుపు తోశాడు.

"ఆలస్యం చేశావోయ్," అన్నాడు మేనేజరు, విషయం సగం వినగానే. "అప్పుడు బతిమాలితే కాదన్నావు. నేనెన్నాళ్ళు ఖాళీగా ఉంచను? మన పొట్టాయనకి ఇచ్చేశాం. అదిగో, కూర్చున్నాడు కూడా."

అవతల గాజు వెనక పొట్టి డ్రైవరు కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర ఒక ఫోను, చేతిలో ఇంకో ఫోను. ఎదురుగా ఎవరో కండక్టరు చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. పొట్టాయన మొహం అప్పుడే పాలిపోయి ఉంది.

"ఇంకెక్కడైనా ఏదైనా ఉంటే చూడండి సార్," అన్నాడు డ్రైవరు.

"ఉంటే చెబుతాలే. నీ బస్సు నీకుందిగా, నీకేం లోటు?"

బయటికొచ్చాడు. మీ దగ్గర దాచడమెందుకు, ఉన్నమాట చెప్పేస్తాను. ఆ మనిషికి గుండెల మీంచి బండ దించినట్టయింది. నడక తేలికైంది. డిపో గేటు దాటుతూ తన బస్సు వంక చూసి, రేపు ముందు చక్రంలో గాలి చూసుకోవాలనుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఇంట్లో చాపిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ ఎంత సిగ్గుపడినా లోపలి ఆ తేలిక మాత్రం పోలేదు. దాన్ని ఎలా పోగొట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఇంటి మెట్లెక్కే ముందు ఒక నిమిషం ఆగి, మొహం దిగాలుగా పెట్టుకుని తలుపు కొట్టాడు.

ఆమే తీసింది.

"లేదా?"

"లేదు. వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

ఆమె అతని మొహం వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని చదవడం ఆమెకి వచ్చు. కనుబొమలు కిందికి లాగాడు, పెదవులు బిగించాడు, గొంతు కూడా తగ్గించాడు. కళ్ళు మాత్రం మొన్న కూతురి సైకిలుకి నూనె రాసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"కాసేపైనా బాధగా ఉన్నట్టు నటించలేకపోయారా?" అంది ఆమె.

"నటిస్తున్నాను," అన్నాడు అతను.

మరో రోజైతే ఆ జవాబుకి ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఆమె పక్కకి తప్పుకుని అతనికి దారి ఇచ్చింది.

రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు తినకుండానే లేచింది. లాయరు ఏదో అనబోయి తల్లి మొహం చూసి మానుకుంది. కంచాలు తీస్తూ ఆమె మొగుడితో మామూలుగా అంది, పాలు తెమ్మని చెప్పినట్టు.

"మీ మొదటి బస్సు లాండ్రీ మీదుగానే పోతుంది కదా. రేపు నేనూ ఎక్కుతాను. కొత్తమ్మాయిని రోలరు దగ్గర నిలబెట్టకముందే సూపర్‌వైజరమ్మని పట్టుకోవాలి."

"వద్దు."

"మరి?"

అతను తన గ్లాసు ఆమె చేతిలోని కంచాల మీద పెట్టాడు. ఆమె కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారింది. వీధి మలుపులో బస్సు ఆగేసరికి ఆమె స్తంభం పక్కన సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె అతని బస్సులో పనికి వెళ్ళడం ఇదే మొదలు. ఎప్పుడూ పిల్లని బడికి పంపి, వంట ముగించి, అడ్డదారిన నడిచి పోయేది. అందరిలాగే ఎక్కి, అందరిలాగే టికెట్టు తీసుకుని, అతని వెనక సీట్లో కూర్చుంది.

పొద్దుటి జనం ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. అతను రోజూ తలుచుకుని మురిసిపోయే జనం వీళ్ళే. రాత్రి డ్యూటీ ముగించుకున్న వాచ్‌మన్, పూలకుండీల దుకాణం ఆయన, ఎక్కగానే నిద్రపోయే నర్సమ్మ. "ఏం డ్రైవరుగారూ, ఇవాళ మాట్లాడటం లేదు?" అన్నాడు వాచ్‌మన్. అతను తల ఊపి ఊరుకున్నాడు.

"మీ ఇంటావిడా?" అని దుకాణం ఆయన వెనక్కి చూసి పోల్చుకున్నాడు. ఎప్పుడో ఎక్కడో చూశాడట. "అదృష్టవంతురాలివమ్మా. ఊళ్ళో ఇంత సంతోషంగా బండి నడిపేవాడు ఇంకొకడు లేడు. ఈయన మొహం చూస్తే మాకు ఆ రోజంతా బాగుంటుంది."

"అవునండీ," అంది ఆమె. అబద్ధం చెప్పలేదు, ఆయన అన్నది నిజమే.

అద్దంలో అతనికి ఆమె కనిపిస్తూనే ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో వత్తుకుంటోంది. వంతెన దిగాక కుడివైపు తిరిగే మలుపంటే అతనికి ప్రాణం. ఆ మలుపు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు తిరిగాడో కూడా అతనికి తెలియలేదు.

లాండ్రీ స్టాపు వచ్చింది. గోడ వెనక బాయిలరు ఆవిరి అప్పుడే లేస్తోంది. గేటు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో పనికి కొత్త మనిషి ఎవరో చూడగానే తెలుస్తోంది. చిన్నపిల్ల, శుభ్రంగా దువ్వుకుని, ఎటు నిలబడాలో తెలియక అటూ ఇటూ కదులుతోంది.

బస్సు ఆగింది. ఆమె లేచి, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తలుపు బటను అతని చేతికింద ఉంది. వేలు దాని మీదే ఉంది.

నొక్కలేదు.

"దిగేవాళ్ళున్నారండీ," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

వినబడనట్టు అతను ముందున్న రోడ్డే చూస్తున్నాడు. వెనక ఇంకో బండి హారను మోగించింది. నర్సమ్మ నిద్రలేచి "ఏమైంది, చెడిపోయిందా?" అని అడిగింది. అవతల లాండ్రీ గేటు తెరుస్తున్నారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లోపలికి నడుస్తున్నారు, కొత్తపిల్ల కూడా వాళ్ళతోనే.

"తలుపు తియ్యండి," అంది ఆమె.

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అద్దంలో అది ఆమెకి కనిపించింది. నిన్న సాయంత్రం ఆమెకి కావలసింది అదే. ఇవాళ దాన్ని చూసి ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

"తీయకపోతే ఏం చేద్దామో చెప్పండి," అంది మెల్లగా, అతనికి మాత్రమే వినపడేలా. "చెబితే దిగను."

అతను చెప్పలేదు. తలుపూ తీయలేదు.